ఆదాకు ఆసామి ఉండాలి

ఆకివీడు నుంచి కైకలూరు వెళ్లే దారిలో తెల్లవారుజామున మూడు గంటలకు బండి ఆపితే ముందుగా చెవిన పడేది రొయ్యల చెరువుల్లో నీటిని చిలికి గాలి అందించే ఏరియేటర్ల హోరు. చీకట్లో చెరువు కనిపించదు, చక్రాలు చిలికిన నురగ మాత్రం తెల్లగా కనిపిస్తుంది. పగలంతా నాచు విడిచిన ప్రాణవాయువును రాత్రికి రొయ్య కొంత, నాచే కొంత, అడుగున కుళ్లుతున్న మేత కొంత తాగేస్తాయి. తెల్లారే ముందు నీటిలో దాని మోతాదు అట్టడుక్కి చేరుతుంది. నీటిలో కరిగిన ప్రాణవాయువుకు రైతుల మాట ‘డీవో’; ‘డీవో పడిపోయింది’ అని వాళ్లు భయపడే వేళ అదే. అప్పుడు కరెంటు పోతే కాపలా కుర్రాడు యజమానికి ఫోను చేయడానికి కూడా ఆగడు, జనరేటర్ దగ్గరికి పరుగెడతాడు. ఆలస్యమైతే రొయ్య గట్టు వెంబడి తేలుతుంది. నెలల తరబడి పెట్టిన పెట్టుబడి తెల్లారేసరికి నీళ్లపాలు.

ఈ భయానికి ఒక లెక్క ఉంది. రెండు హార్స్‌పవర్ల ఏరియేటర్లు నాలుగు తిరిగితే గంటకు ఆరు యూనిట్లు. రాత్రి పది గంటలు తిప్పితే 60 యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి తొమ్మిది రోజులు సరిపోయే కరెంటు అది. ఆక్వా సాగుకు గుర్తించిన ప్రాంతం (ఆక్వా జోన్)లోని రైతుకు ప్రభుత్వం 2019 నుంచి యూనిట్‌ను రూపాయిన్నరకు ఇస్తోంది. అంటే రాత్రి మొత్తానికి తొంభై రూపాయలు. మేత బస్తా ఖరీదు ముందు అది చిల్లర. నీటిలో ప్రాణవాయువు చాలినంత ఉన్నా, ఎందుకైనా మంచిదని రైతు చక్రాలు తిప్పుతూనే ఉంటాడు. ఆయన్ని తప్పుపట్టలేం. ఆపితే మిగిలేది పాతిక రూపాయలు, అంచనా తప్పితే పోయేది లక్షలు. ఆ యూనిట్‌ను సరఫరా చేయడానికి అయ్యే అసలు ఖర్చు రూపాయిన్నరకు కొన్ని రెట్లు. ఆ తేడా ఆయన బిల్లులో కనిపించదు. ఒక్క యూనిట్ మిగిల్చినా ఆ మిగులు ఆయన జేబులోకి రాదు. ఆ ఆదాకు ఆసామి లేడు.

విద్యుత్ పొదుపు, వ్యర్థాల తగ్గింపు గురించి మన దగ్గర జరిగే చర్చ యంత్రాల చుట్టూ తిరుగుతుంది. ఏ బల్బు, ఏ ప్లాంటు, ఏ ప్యానెల్ అన్నదే ప్రశ్న. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాన్ని కలిపి చూస్తే వేరే ప్రశ్న ముందుకొస్తుంది. మిగిలినదాని ఫలం ఎవరికి దక్కుతుంది? అది ఎవరికో ఒకరికి కచ్చితంగా దక్కిన చోట పొదుపు తనంతట తానే సాగింది. ఎవరికీ దక్కని చోట ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా మూలన పడింది.

ఊకకు ధర ఉంది, బూడిదకు లేదు

చెరువు గట్టు దిగి గంట ప్రయాణం చేస్తే తాడేపల్లిగూడెం. అక్కడ రైస్‌మిల్లు పెరట్లో నిలబడితే పారేసే వస్తువేదీ కనపడదు. టన్ను ధాన్యం ఆడితే సుమారు 200 కిలోల ఊక వస్తుంది. అది బాయిలర్‌లోకి పోతుంది. ఆ ఆవిరితోనే ఉప్పుడు బియ్యానికి ధాన్యం ఉడుకుతుంది, ఆరుతుంది. కిలో ఊకలో 3,000 కిలోకేలరీలకు పైగా వేడి ఉంటుంది, నాసి బొగ్గుకు అది మరీ దూరమేమీ కాదు. నూకలు, చిట్టు కోళ్ల మేతకు పోతాయి. తవుడు నూనె ఫ్యాక్టరీకి పోతుంది.

తవుడుది మరీ తొందర వ్యవహారం. గింజ నుంచి విడిపడ్డ గంటల్లోనే అందులోని ఎంజైమ్ నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. నాలుగు రోజులు నిలవ ఉంచితే ఆ నూనె వంటకు పనికిరాదు. నూనె తీసే ఫ్యాక్టరీలు మిల్లులకు దగ్గరగా వెలిసింది అందుకే. నూనె పిండగా మిగిలిన తవుడు లారీల మీద కొల్లేరు చెరువులకు పోయి బొచ్చెకు, శీలావతికి మేత అవుతుంది. ఆ చేప ఐసు పెట్టెలకెక్కి కోల్‌కతాకు, అస్సాంకు పోతుంది. వరి కంకి నుంచి బెంగాలీ కంచం దాకా సాగే ఈ గొలుసును ఏ పర్యావరణ విధానమూ గీయలేదు. ప్రతి మజిలీలోనూ మిగిలినదాన్ని కొనే మనిషి ఉన్నాడు, అంతే.

అయితే మిల్లు పొదుపరితనం ప్రహరీగోడ దగ్గర ఆగిపోతుంది. కాల్చిన ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది. గాలి వీస్తే అది ఆరేసిన బట్టల మీద, మోటారుసైకిల్ మీద వెళ్లేవాడి కంట్లో పడుతుంది. రోడ్ల పక్కన, పంట బోదెల గట్ల మీద నల్లటి గుట్టలు పోస్తారు. ఆ బూడిద నిండా సిలికా. సిమెంటులో కలపవచ్చు, ఉక్కు కర్మాగారాల్లో కరిగిన లోహం వేడి పోకుండా పైన చల్లవచ్చు. పనికొచ్చే సరుకే. కానీ ఇంటి ముందుకొచ్చి కొనేవాడు లేడు, రవాణా ఖర్చు గిట్టదు. మిల్లు అదే, యజమాని అతనే. ఊకను పొల్లుపోకుండా కాచుకునేవాడు బూడిదను రాత్రిపూట గట్టున పోయిస్తాడు. పర్యావరణ స్పృహ ఉదయానికీ రాత్రికీ మారిపోదు. మారింది ధర ఒక్కటే.

పొలంలోనూ ఇదే కథ. కూలీలు కోసినప్పుడు గడ్డి కుప్ప పడేది, దానికి పశువు ఆసామి. కోత యంత్రం వచ్చాక గడ్డి చేలో చెల్లాచెదురైంది, పాడి తగ్గింది. సార్వా (ఖరీఫ్) కోసి దాళ్వాకు (రబీ) దమ్ము చేసే మధ్య వ్యవధి తక్కువ. రైతు అగ్గిపుల్ల గీస్తాడు. గడ్డిని కట్టలు కట్టే యంత్రం, ఆ కట్టలను కొనే బాయిలర్ ఒకేసారి అందుబాటులోకి వచ్చిన ఊళ్లో ఆ పొగ తగ్గుతుంది. హెచ్చరిక బోర్డులతో తగ్గదు.

పది రూపాయల బల్బు నేర్పిన పాఠం

ఆదాకు ఆసామి దొరికితే ఏమవుతుందో ఈ ప్రాంతం ఒకసారి చూసింది. 2014 అక్టోబర్‌లో నాటి పశ్చిమగోదావరి, గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంటింటికీ ఎల్ఈడీ బల్బుల పథకం మొదలైంది. పాత బల్బు తెచ్చిచ్చి పది రూపాయలు కడితే కొత్తది ఇచ్చారు, ఇంటికి రెండేసి. దేశమంతటికీ అలాంటి పథకం 2015 జనవరిలో వచ్చింది. అంటే ఢిల్లీలో ప్రకటన వెలువడే ముందే ఏలూరు ఇళ్లల్లో తెల్లటి వెలుగు పడింది.

అరవై వాట్ల బల్బు స్థానంలో ఏడు వాట్లది రోజుకు ఐదు గంటలు వెలిగితే ఏడాదికి 97 యూనిట్ల దాకా మిగులుతాయి. ఆ మిగులు ఇంటివాళ్ల బిల్లులో దిగింది. విద్యుత్ సంస్థకు సాయంత్రం వేళ ఒత్తిడి తగ్గింది. ఇద్దరు ఆసాములూ లాభపడ్డారు. తర్వాత బజారులో బల్బు ధర పడిపోయింది. ఈ రోజు పాత ఫిలమెంట్ బల్బు కొనమని బలవంతం చేసినా కొనేవాడు లేడు. బల్బు గొప్పదే కావచ్చు, పథకం గెలిచింది మాత్రం దాని లెక్క సామాన్యుడి చేతిలోని బిల్లులో కనిపించినందుకు.

చెరువు గట్టు మీద ఆ లెక్క తలకిందులైంది. రాయితీ యూనిట్‌కు ముడిపడి ఉంది కాబట్టి ఎక్కువ వాడిన రైతుకు ఎక్కువ రాయితీ, జాగ్రత్తపడి తక్కువ వాడిన రైతుకు తక్కువ. ప్రభుత్వం తనకు తెలియకుండానే దుబారాకు బహుమతి ఇస్తోంది.

పైగా చెరువులో కరెంటు, మేత, కాలుష్యం మూడూ ఒకే తాడు పేటలు. రొయ్య తిన్న మేతలోని నత్రజనిలో నాలుగో వంతుకు అటూ ఇటూగా మాత్రమే దాని ఒంటికి పడుతుంది. మిగిలినది నీటిలో, అడుగు బురదలో చేరుతుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్లేటప్పుడు ప్రాణవాయువును లాగేస్తుంది. దాన్ని పూడ్చడానికి ఇంకో ఏరియేటర్. పంట పట్టాక ఆ నీరంతా మురుగు కాలవలోకి, అక్కడి నుంచి కొల్లేరు సరస్సులోకో, దాని నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరులోకో. చెక్ ట్రేలో మిగిలిన మేత చూసి మర్నాటి మేత తగ్గించే రైతు ఏకకాలంలో మూడు పనులు చేస్తున్నాడు: మేత ఖర్చు తగ్గిస్తున్నాడు, కరెంటు మిగులుస్తున్నాడు, సరస్సుకు మురుగు తగ్గిస్తున్నాడు. మొదటిదానికే ఆయనకు ప్రతిఫలం ఉంది. మిగతా రెండూ ఊరికి ఉచితంగా చేసి పెడుతున్నాడు.

తడి చెత్తకు నిప్పు పెట్టాలనుకున్నారు

ఇక పట్టణాల సంగతి. చెత్త నుంచి విద్యుత్ తీసే ప్లాంట్లు పది చోట్ల పెడతామని 2016 నాటికి రాష్ట్రంలో నిర్ణయం జరిగింది. ఆ జాబితాలో తాడేపల్లిగూడెం పేరు ఉంది. చివరికి పొయ్యి రాజేసింది విశాఖపట్నం, గుంటూరు మాత్రమే. గూడెం ప్లాంటు కాగితం దాటలేదు.

మన చెత్తబుట్టలో సగానికి పైగా అన్నం, కూర తుక్కు, అరటి డొప్ప, కొబ్బరి బోండాం. అందులో నీరే ఎక్కువ. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే కిలోకు 1,500 కిలోకేలరీలు దాటిన, తిరిగి వాడుకోలేని చెత్తను ఇంధనంగా వాడాలన్నాయి. తడి చెత్తను దానితో కలిపి పంపితే ఆ హద్దు అందుకోవడమే గగనం. ఊక మండే ఊరివాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పొడిదాన్ని మండించాలి, తడిదాన్ని పులియబెట్టాలి. మన వంటింట్లో పొయ్యి వేరు, దోసెల పిండి గిన్నె వేరు. పట్టణానికి వచ్చేసరికి రెంటినీ ఒకే లారీలో పోశాం.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కు కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు దిగుతాయి. వానలో తడిసిన బస్తా విప్పితే వచ్చే ఘాటు ముక్కుకు తెలుసు. గ్రేడింగ్‌లో తీసేసిన కుళ్లు ఉల్లి, పొట్టు కుప్పలుగా పడతాయి. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఇలాంటి తుక్కునే రోజుకు పది టన్నులు పులియబెట్టి, 500 యూనిట్ల దాకా కరెంటు, వంటకు గ్యాసు తీసే ప్లాంటు నడిపారు. రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రజ్ఞుల పరిజ్ఞానం అది. 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో ప్రస్తావించాక దేశమంతా తెలిసింది. అక్కడ కుదరడానికి కారణం మార్కెట్ యార్డు. తుక్కు ఒకేచోట, ఒకే రకంగా, ప్లాస్టిక్ కలవకుండా దొరుకుతుంది. కరెంటు వాడుకునేదీ యార్డే, తుక్కు ఎత్తించే ఖర్చు తగ్గేదీ యార్డుకే. తవుడుకు పనిచేసిన సూత్రమే ఇది: ఆలస్యం చేయకు, దూరం మోయకు, పుట్టినచోటే పని పట్టు. నగరమంత పెద్ద కొలిమి కోసం ఎదురుచూసే బదులు గూడెం మార్కెట్ యార్డులో, ఏలూరు రైతుబజారులో, కల్యాణ మండపాల్లో చిన్న చిన్న గ్యాసు ప్లాంట్లు పెట్టి ఉంటే ఈ పదేళ్లలో వాటి మంచిచెడ్డలు మనకు బోధపడేవి.

ఇళ్ల దగ్గర కూడా ఆసామి ప్రశ్నే అడ్డొచ్చింది. 2021 అక్టోబర్ 2న మొదలైన ‘క్లీన్ ఆంధ్రప్రదేశ్’ (క్లాప్) పథకంతో పట్టణాల్లో ఇంటింటికీ చెత్త రుసుము పడింది. ‘చెత్త పన్ను’ అని జనం ముద్దుగా పిలిచి, కోపంగా కట్టారు. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. రుసుము వేయడం తప్పా, తీసేయడం తప్పా అన్న రాజకీయ వాదంలో అసలు లోపం మరుగునపడింది. తడి పొడి వేరుచేసి ఇచ్చిన ఇల్లాలికీ, అన్నీ ఒకే సంచిలో కట్టి గేటు బయట పడేసిన పొరుగాయనకూ ఒకటే మొత్తం. శ్రమపడ్డావిడకు రూపాయి తగ్గలేదు. ఇప్పుడు రుసుమే లేదు కాబట్టి ఇద్దరికీ సున్నా. రెండు పద్ధతుల్లోనూ వేరుచేసే చేతికి విలువ కట్టలేదు. నెలకో శనివారం స్వచ్ఛతా కార్యక్రమం జరుపుతున్నారు, మంచిదే. మిగతా ఇరవై తొమ్మిది రోజులు ఆ చెత్త ఎవరిది?

ఉమ్మడి బర్రె

ఈ ప్రాంతంలో అతి పెద్ద పొదుపు యంత్రం ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాలేదు. అది కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరులతో పాటు పదుల కొద్దీ మురుగు కాలవలు చేరతాయి. కిక్కిస గడ్డి మురుగును వడగట్టేది. మైళ్ల కొద్దీ తెరిపి నీటి మీద వీచే గాలి, ఈనాడు చక్రాలు చేస్తున్న పనిని పైసా ఖర్చు లేకుండా చేసేది. వరదనీటిని కొన్నాళ్లు తనలో ఉంచుకుని తీరిగ్గా ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపేది. మురుగు శుద్ధి, గాలి అందించడం, వరద నిల్వ: మూడు శాఖలు బడ్జెట్లు పెట్టి చేసే పని. వీటిలో దేనికీ ఎవరికీ బిల్లు రాలేదు. రాలేదు కాబట్టే అదంతా ఆదా అని ఎవరికీ తట్టలేదు.

1970ల చివర్లో సొసైటీల పేరుతో ప్రభుత్వమే చేపల చెరువులకు దారి తీసింది. తర్వాత పెట్టుబడి వచ్చి గట్లు పోసింది. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో పేలుడు పదార్థాలు పెట్టి మరీ గట్లు కూల్చారు. కూల్చిన చోట కొన్నాళ్లకు మళ్లీ గట్లు లేచాయి. కాంటూరును మూడుకు కుదించాలన్న కోరిక ఎన్నికకో మారు లేస్తుంది. కుదించవద్దని 2011లో, ఈ విషయం పరిశీలించిన అజీజ్ కమిటీ చెప్పింది. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందన్న సామెత కొల్లేటి ఒడ్డున పుట్టిందేమో అనిపిస్తుంది.

ఆసామి లేని వ్యర్థం చివరికి మన గుమ్మంలోకే వస్తుంది. 2020 డిసెంబర్‌లో ఏలూరులో రోజుల వ్యవధిలో వందల మంది మూర్ఛపోయి ఆసుపత్రిలో చేరారు. రోగుల రక్త పరీక్షల్లో పురుగుమందుల అవశేషాలు, సీసం బయటపడ్డాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, ఆ ఏరు చివరికి చేరే కొల్లేటిలో ఖాళీ ఎంత మిగిలిందన్న ప్రశ్న మళ్లీ వినిపించింది. పొలంలో చల్లిన మందుకు, పట్టణం వదిలిన మురుగుకు, చెరువు వదిలిన నీటికి వేర్వేరు శాఖలున్నాయి. అవన్నీ కలిసే చోటికి మాత్రం అడిగే నాథుడు లేడు.

ఏం చేయవచ్చు?

మొదటిది, ఆక్వా రాయితీని యూనిట్ నుంచి విడదీయాలి. రాయితీ తీసేయమని కాదు. ఎకరాకు, పంటకు ఇన్ని యూనిట్లని కోటా కట్టి, అంతకంటే తక్కువ వాడిన రైతుకు మిగిలిన యూనిట్ల విలువను ఖాతాలో వేయాలి. పంజాబ్ 2018లో వ్యవసాయ బోర్లకు ఇలాగే మిగిల్చిన యూనిట్‌కు నాలుగు రూపాయలు ఇచ్చి చూసింది. అలా చేస్తే నీటిలో ప్రాణవాయువును కొలిచి మోటారును తానే ఆన్, ఆఫ్ చేసే పరికరానికి, మెరుగైన మోటారుకు రైతే డబ్బు పెడతాడు. ఏరియేటర్ ఎన్ని గంటలు తిరిగిందన్న లెక్క పోయి, నీటిలో ప్రాణవాయువు ఎంతన్న లెక్క వస్తుంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఇక్కడి చెరువుల్లో సాగు చేసేవాడు చాలాచోట్ల కౌలుదారు, మీటరు భూమి యజమాని పేరున ఉంటుంది. మిగులు డబ్బు గట్టు మీద నిద్ర కాసినవాడికి కాకుండా పట్నంలో ఉన్నాయనకు పోతే పథకం మొదట్లోనే చస్తుంది. 2020 నాటి చట్టంతో ఏర్పడిన ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చేతిలో లైసెన్సులున్నాయి. సాగు చేస్తున్న మనిషి పేరు ఆ లైసెన్సులో ఎక్కించి, మిగులును ఆ పేరుకే జమచేయాలి. అభయారణ్యం హద్దుల్లోని చెరువుకు లైసెన్సూ ఉండకూడదు, కోటా ఉండకూడదు. రాయితీ కరెంటు తీగ ఐదో కాంటూరు దాటి లోపలికి పోకపోతే పేలుడు పదార్థాల అవసరం చాలా వరకు తగ్గుతుంది.

రెండోది, చెరువు వదిలే నీటికి ఒక మజిలీ పెట్టాలి. కొంత జాగా వదిలి, గడ్డి పెంచి, నీటిని అక్కడ నిలవబెట్టి ఆ తర్వాతే కాలవలోకి వదలాలి. కొల్లేరు చేసిన పనిని చెరువు మూలన చిన్నగా మళ్లీ చేయించడమే ఇది. అలా చేసినవాడి కోటాలో నాలుగు యూనిట్లు కలిపితే చాలు, తనిఖీ సిబ్బంది తిరగాల్సిన పని తగ్గుతుంది.

మూడోది, పట్టణాల్లో పెద్ద ఎత్తున తడి చెత్త పుట్టే చోట్ల దాన్ని అక్కడే గ్యాసుగా మార్చే బాధ్యత, ఆ గ్యాసు మీద హక్కు రెండూ పుట్టించినవారికే ఇవ్వాలి. ఊకబూడిదకు మిల్లు లైసెన్సులోనే గమ్యం రాయించాలి. కొనేవాడి పేరు చూపనిదే బాయిలర్ అనుమతి పొడిగించకపోతే, సిమెంటు కంపెనీని వెతికే పని అధికారి చేయక్కర్లేదు, మిల్లుదారే చేసుకుంటాడు.

ఇవన్నీ కంటికి కనిపించే పనులు కావు. భీమవరం దగ్గర గొల్లవానితిప్పలో లోసరి కాలవ మీద ఒక మెగావాట్ సౌర ఫలకాలు పరిచారు. చూడముచ్చటగా ఉంటుంది, శిలాఫలకం వేయడానికి వీలుగానూ ఉంటుంది. ఏరియేటర్ గంట ముందు ఆగినందుకు శిలాఫలకం వేయరు. అందుకే మిగిల్చిన యూనిట్ కనిపించేది బిల్లు మీదే కావాలి. రేపటి నుంచి ప్రతి ఆక్వా బిల్లులో రైతు కట్టే మొత్తం కింద, ఆ కరెంటుకు అసలు ఎంతయిందో ఇంకో వరుస అచ్చు వేయడానికి చట్టం మార్చక్కర్లేదు, టెండరు పిలవక్కర్లేదు. తొంభై రూపాయల కింద ఆ రెండో అంకె చూసిన రైతు ‘ఇందులో నాకెంత మిగుల్తుందండీ?’ అని లైన్‌మన్‌ను అడిగేదాకా వస్తే, అప్పటికి జవాబు సిద్ధంగా ఉంచుకోవడం ప్రభుత్వం పని.